కుళ్ళాయప్ప మళ్ళీ కట్టిన పసుపు దారం

అధ్యక్ష స్థానంలో ఉన్న రంగప్ప గారికి, ఆయనకు అటూ ఇటూ కూర్చున్న మెకానిక్కుల సంఘం పెద్దలకు, షెడ్డు పని చాలించుకుంటున్న సందర్భంగా ఇంకాసేపట్లో మనం శాలువా కప్పబోతున్న కుళ్ళాయప్ప గారికి, ముందు వరుసలో కూర్చున్న ఆయన ఇల్లాలు ఈరక్కకు, హిందూపురం నుంచీ ధర్మవరం నుంచీ షెడ్లు మూసి వచ్చిన మెకానిక్ అన్నదమ్ములకు నమస్కారం. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు దయచేసి లోపలికి వచ్చి కూర్చోండి. నేను తొందరగా ముగించే మనిషిని కాదు. (నవ్వులు)

ఈ రోజు 2025 నవంబరు 16, ఆదివారం. పొద్దున నాలుగున్నరకు లేచాను. వాకిలి కడిగి ముగ్గేశాను. పాలు కాచి తోడు పెట్టాను. ఇడ్లీ అయింది, మధ్యాహ్నానికి సంగటి, పప్పు అయ్యాయి. రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేశాను. రేపటి దోసెలకు పిండి రుబ్బాను. రాత్రికి చపాతీలు చేసి డబ్బాలో పెట్టి మూత బిగించి వచ్చాను. ఇంటి తాళంచెవి ఒకటి నా దగ్గర, ఒకటి మా ఆయన దగ్గర ఉన్నాయి. ఇదంతా సభలో ఎందుకు చెబుతోంది ఈవిడ అనుకుంటున్నారు కదా, చివర్లో పనికొస్తుంది, గుర్తు పెట్టుకోండి.

నా పేరు భాగ్యలక్ష్మి. హిందూపురంలో మాకు పట్టుచీరల అంగడి ఉంది. అంగడి మా ఆయన రమేష్ గారిది, ఇల్లు నాది, లెక్కలు రెండింటివీ నావే. ప్రతి మంగళవారం కారులో ధర్మవరం వెళ్ళి మగ్గాల వాళ్ళ దగ్గర చీరలు తెచ్చుకుంటాం. నడిపేది ఆయన, పక్కన కూర్చుని రాసేది నేను. కారుకొక పుస్తకం ఉంది. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎక్కడ ఆయిల్ మార్చాం, ఎక్కడ గాలి పట్టించాం, అన్నీ అందులో ఉంటాయి. ఆ పుస్తకం చూసి నవ్విన మెకానిక్కులు ఈ హాల్లో కనీసం ముగ్గురున్నారు. పేర్లు చెప్పను. తేదీలు మాత్రం రాసిపెట్టాను. (నవ్వులు)

రంగప్ప గారు మొన్న ఫోన్ చేసి, "యామమ్మా, మీరు పాత కస్టమరు గదా, రెండు మంచి మాటలు చెప్పి శాలువా కప్పండి, జనానికి బాగుంటాది" అన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేముందు ఇంకొక మాట కూడా అన్నారు. "ఆ రిజిస్టరు సంగతి మాత్రం ఆ పొద్దు ఎత్తొద్దమ్మా, పండగ మాదిరి జరిగేదాంట్లో ఎందుకు?" అని. దానికి నేను సరే అనలేదు. ఊ అని కూడా అనలేదు. మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టని ఆయన అనుకున్నట్టున్నారు.

కాబట్టి ముందు ఆ సంగతే చెబుతాను. పక్క గదిలో బీరువాలో సంఘం ఫిర్యాదుల రిజిస్టరు ఉంది. అందులో ముప్పై ఒకటో పేజీలో, 2024 ఫిబ్రవరి 6వ తేదీన, కుళ్ళాయప్ప గారి షెడ్డు మీద ఒక ఫిర్యాదు ఉంది. అంకెలు వేసి నాలుగు అంశాలుగా, కొట్టివేతలు లేకుండా, మంచి చేతిరాతతో రాసి ఉంటుంది. రాసింది నేను. అది తప్పు. ఆ ఒక్క పేజీని చూపించి మంచి షెడ్ల పేర్లు రాసే సంఘం బోర్డు మీద నుంచి ఆయన షెడ్డు పేరు తీసేశారు. పేరు పోయిన నెలలోనే ఆయన చూసే మూడు స్కూలు వ్యాన్లు వేరే షెడ్డుకు పోయాయి. ఇప్పుడు ఆయన పని చాలించుకుని, ఆ షెడ్డును కూతురు అమృతకు అప్పగిస్తుంటే, "షెడ్డు మీద కంప్లయింటు ఉండాది, సభ్యత్వం ఇయ్యలేం" అని అదే పేజీ చూపిస్తున్నారు. నా రాత వల్ల ఒక మనిషి పేరు పోయింది, ఇంకొక మనిషి బతుకుతెరువు ఆగింది. అది పెట్టుకుని శాలువా కప్పి, ఫోటో దిగి, కేసరి తిని ఇంటికి పొమ్మంటే నా వల్ల కాదు.

(అధ్యక్షులు లేచి నిలబడ్డారు)

కూర్చోండి రంగప్ప గారూ. మీ మాట వస్తుంది.

ఏం జరిగిందో మొదటి నుంచి చెబుతాను. 2023 దసరా వెళ్ళిన రెండు వారాలకు, పెనుకొండ దాటి ఎనిమిది కిలోమీటర్లు పోయాక, మా కారు నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. దగ్గలేదు, కుదపలేదు, మాట మధ్యలో మనిషి నోరు మూసుకున్నట్టు ఆగింది. తాళం తిప్పితే ఇంజను తిరుగుతుంది గానీ అందుకోదు. ఇరవై రెండు నిమిషాలు చెట్టు కింద నిలబడ్డాం. ఆ తర్వాత ఏమీ జరగనట్టు స్టార్టయింది. పై మంగళవారం మళ్ళీ అంతే. హిందూపురంలో ఊరంతా తిరిగినా ఆగదు, ధర్మవరం దారిలోనే ఆగుతుంది. మా ఆయన ఆ ఊరి వైపే ఏదో ఉందని దిష్టి తీయించారు. నేను మాత్రం పుస్తకంలో రాశాను. ఎన్నో కిలోమీటరు, ఎండ ఎంత, ఏసీ ఉందా లేదా, ఎన్ని నిమిషాలకు మళ్ళీ స్టార్టయింది.

ఇక్కడ పెనుకొండలో కుళ్ళాయప్ప గారి షెడ్డుకు పోతే ఆయన, కారు లోపాన్ని కోడ్‌గా చూపించే, చేతిలో ఇమిడే స్కానర్ తగిలించారు. పి-0335 అని వచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఆడవాళ్ళు కూడా ఉన్నారు కదా. ఇంజను మధ్యలో క్రాంక్ షాఫ్ట్ అని ఒక పెద్ద కడ్డీ తిరుగుతుంది. దానికి పళ్ళ చక్రం ఉంటుంది. ఆ పళ్ళు ఎన్ని దాటిపోయాయో లెక్కపెట్టి కారులోని కంప్యూటరుకు చెప్పడానికి ఒక సెన్సర్ ఉంటుంది. నేను పప్పు పెట్టి కుక్కరు విజిళ్ళు లెక్కపెడతాను. ఇంట్లో టీవీ మోతకు విజిల్ వినబడకపోతే ఎన్ని వచ్చాయో తెలియక స్టవ్ ఆపేస్తాను. కారు కంప్యూటరూ అంతే. లెక్క వినబడకపోతే పెట్రోలు ఎప్పుడివ్వాలో, నిప్పురవ్వ ఎప్పుడివ్వాలో తెలియక ఇంజను ఆపేస్తుంది. పి-0335 అంటే ఆ లెక్క వినబడలేదని అర్థం. ఎందుకు వినబడలేదో ఆ కోడ్ చెప్పదు. ఆ రోజు ఆయన నాతో అన్న మాట పుస్తకంలో ఉంది. "కోడ్ అనేది వీధి పేరు చెప్తాదమ్మా, ఇంటి నంబరు చెప్పదు. ఇల్లు మనమే ఎతుక్కోవల్ల."

ఇంకొకటి కూడా రాసుకున్నాను. మా ఆయన వైపు తిరగకుండా, నా వైపు తిరిగి, "ఎంత సేపటికి మళ్ళీ అందుకున్యాదమ్మా?" అని అడిగారు. ఇరవై రెండు నిమిషాలు, రెండోసారి పంతొమ్మిది అన్నాను. పుస్తకం అడిగి తీసుకుని, గ్రీజు అంటకుండా గోటి చివరతో పేజీలు తిప్పి చదివారు. ముప్పై ఏళ్ళ కాపురంలో నా లెక్కల పుస్తకాన్ని పక్కవాళ్ళు అంత శ్రద్ధగా చదవడం అదే మొదటిసారి. మా ఆయన ఇక్కడే ఉన్నారు, ఆయనా ఒప్పుకుంటారు. (నవ్వులు)

ఆయన సెన్సర్ కొలిచి చూశారు, వైరు కొలిచారు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వేడెక్కితే సెన్సర్ ఆగుతోందేమోనని కొత్తది వేశారు. రెండు వారాలకు మళ్ళీ ఆగింది. మళ్ళీ పోయాం, మళ్ళీ పి-0335. మళ్ళీ అన్నీ విప్పి చూశారు, షెడ్డులో గంటసేపు ఇంజను నడిపినా ఆగలేదు. కనెక్టరు పిన్నులు శుభ్రం చేసి పంపారు. చివరికి ఫిబ్రవరి ఆరున, చెన్నేకొత్తపల్లి దగ్గర ఆగింది. వెనక సీట్లో అనంతపురం పెళ్ళివాళ్ళ పదకొండు చీరలు. ఆ రోజు ఇరవై నిమిషాలకు కూడా అందుకోలేదు. కారును లాగించుకుని వచ్చి ఈయన షెడ్డులో పడేసి, చీరలు బస్సులో పంపించి, కోపం తగ్గకముందే నేరుగా సంఘం ఆఫీసుకు వచ్చి రిజిస్టరు అడిగాను. రంగప్ప గారు కుర్చీ వేసి, పెన్ను ఇచ్చి, "రాయండమ్మా, మీ మాదిరి వాళ్ళు రాస్తేనే వీళ్ళు దారికొస్తారు" అన్నారు. నేను రాసిన నాలుగు అంశాలు ఇవి. మంచి భాగం తీసి పాతది వేశారని అనుమానం. పని తెలియకుండా విడిభాగాలు మార్చారు. రెండుసార్లు బాగైందని అబద్ధం చెప్పారు. వ్యాపారం పోయింది.

మర్నాడు సాయంత్రం కారు తిరిగి వచ్చింది. "వైరు తగుల్తాండె, సరిచేసినా" అన్నారు కుళ్ళాయప్ప గారు, అంతే. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆ కారు ఒక్కసారి కూడా ఆగలేదు. నేనేమనుకున్నానో చెప్పనా? ఫిర్యాదు రాశాను కాబట్టి భయపడి సరిగ్గా చేశాడని అనుకున్నాను. నా రాతకు అంత బలముందని ఎనిమిది నెలలు గర్వపడ్డాను.

2024 దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజ రోజు రోటికీ, కుట్టుమిషనుకూ, తూకానికీ, కారుకూ పసుపు దారంతో కంకణం కట్టేది నేనే. అంగడిలో మిగిలిన పట్టుపోగులు పేని పసుపులో ముంచుతాను. కొత్తది కట్టాలని బానెట్ ఎత్తాను. పాత కంకణం నేను కట్టిన చోట లేదు. ఎడమ పక్క ఖాళీగా ఉన్న ఒక ఇనుప పట్టీకి ఉంది. ముడి కూడా నాది కాదు. నేను కట్టిన చోట చూస్తే, ఒక నల్ల వైరుకు కొత్త తొడుగు వేసి, వేడినీళ్ళ పైపుకు జానెడు దూరంగా జరిపి క్లిప్పు బిగించి ఉంది. పైపు మీద వేలెడంత కరిగిన మరక ఉంది. నేను బానెట్ దించలేదు.

2023 దసరా రోజు కంకణాన్ని నేను ఆ వైరునూ పైపునూ కలిపి కట్టాను. చేతికి అందింది కదా అని కట్టాను. అది ఆ లెక్కపెట్టే సెన్సర్ వైరని ఈ హాల్లో ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. దూరం పోయి పైపు బాగా కాలితే తొడుగు మెత్తబడి లోపలి తీగ ఇనుముకు తగిలేది. లెక్క ఆగేది, ఇంజను ఆగేది. చల్లారితే విడిపోయేది. మామూలు నూలు దారమైతే ఆ వేడికి ఎప్పుడో తెగి ఊడిపోయేది. మాది ధర్మవరం పట్టు. తెగలేదు. (నవ్వులు) నవ్వండి, నేనూ నవ్వాను, చాలా రోజుల తర్వాత.

పక్కరోజే పెనుకొండ వచ్చాను. షెడ్డులో ఈయన ఉన్నారు, అమృత ఉంది. "కంకణం చోటు మార్చింది ఎవరు?" అని అడిగాను. ఈయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నేల చూశారు. అమృతే చెప్పింది.

"అమ్మా, మొదటి రెండుసార్లు మా నాయన వైరు చూసేకి మీ దారం విప్పినాడు. విప్పి దేవుని పటం కాడ పెట్టినాడు. కొలిసినపుడు దారం లేదు, వైరు ఫ్రీగా ఉండె, అంతా కరెక్టుగా వచ్చె. పని అయినంక చేతులు కడుక్కోని, దండం పెట్టుకోని, మళ్ళీ ఆడనే కట్టినాడు."

అర్థమైందా? జబ్బును విప్పి పక్కన పెట్టి పరీక్ష చేశారు. ఏమీ లేదని తేలాక, జబ్బును భక్తిగా మళ్ళీ కట్టి పంపారు. రెండుసార్లు!

"మరి మూడోసారి ఎట్లా దొరికింది?" అన్నాను.

"మీ పుస్తకంలో ఇరవై రెండు నిమిషాలని ఉండె గదా. షెడ్డులో చూస్తే పని గాదు నాయనా, ఆయమ్మ దారిలోనే పోదాం, ఏమీ విప్పకుండ పోదాం అన్యా. స్కానరు నా తొడ మీద పెట్టుకొని కూసున్యా. చెన్నేకొత్తపల్లి కాడ బండి ఇంకా ఉరుకుతాండాది, స్కానర్లో మాత్రం ఇంజను స్పీడు సున్నా పడె. అంటే లెక్క తెగిపాయె. ఆడే నిలబెట్టి, వేడిమీదే బానెట్ ఎత్తి, నాయనా, దారం కింద సూడు అన్యా."

వినండి. కనిపెట్టింది ఎవరు? బండి ఉరుకుతుండగా సున్నా చూసింది ఎవరు? "నీకెందుకు పాపా ఈ గ్రీజు పని, కుట్టుమిషను నేర్చుకోరాదా" అని రంగప్ప గారు ఎవరితో అన్నారో, ఆ అమృత. రంగప్ప గారూ, కుట్టుమిషను నాకు వచ్చు. కావాలంటే మీకు నేర్పిస్తాను. (నవ్వులు, చప్పట్లు)

ఇప్పుడు కుళ్ళాయప్ప గారికి ఒక మాట చెప్పాలి, ఇది పొగడ్త కాదు. ఆ రోజు నేను అడిగాను, సంఘం వాళ్ళు పిలిచి అడిగినప్పుడు ఈ సంగతి ఎందుకు చెప్పలేదని. ఈయన ఏమన్నారంటే, "పండగ పూట ఇంటి ఆడమనిషి దండం పెట్టుకోని కట్టిన దారమమ్మా. దానివల్లనే బండి నిలబడిందని పదిమందిలో ఎట్ల చెప్పేది? మళ్ళీ కట్టింది నేనే గదా. తప్పు నాదే అని చెప్పేసినా" అన్నారు. నాకు ముందు మాట్లాడిన ముగ్గురు వక్తలు ఆయనది పెద్ద మనసు అని మెచ్చుకున్నారు. ఈ పనిని మాత్రం నేను మెచ్చుకోను. అన్నా, మీరు నన్ను కాపాడానని అనుకున్నారు. అబద్ధం రాసిన మనిషిగా నన్ను ఆ పేజీలో వదిలేశారు. మీ కూతురి కష్టాన్ని కూడా నోట్లోనే దాచేశారు. మీరు మర్యాద అనుకున్నది ఇద్దరు ఆడవాళ్ళ మీద భారమై కూర్చుంది. రేపటి నుంచి మీకు ఖాళీ కదా, తీరిగ్గా ఆలోచించండి.

ఈరక్కా, నువ్వు తల ఊపుతున్నావు. ఏమంటావు?

"నేను రెండేండ్ల నుంచి ఇదే మొత్తుకుంటాండా అమ్మా, యాడ వింటాడు!"

(నవ్వులు, చప్పట్లు) విన్నారు కదా.

అంత మాట అన్నా, ఇంకొకటి కూడా చెప్పాలి. ముప్పై నాలుగేళ్ళలో ఆయన దాచుకోకుండా పని నేర్పిన వాళ్ళు ఈ హాల్లో సగం మంది ఉన్నారు. తెలియని చోట తెలియదని చెప్పిన మెకానిక్కును నేను ఆయన్నొక్కరినే చూశాను. మొదటిసారి సెన్సర్ మార్చినప్పుడే, "ఇది గాకపోతే మళ్ళీ రాండమ్మా, నాకింకా నమ్మకం కుదర్లే" అన్నారు. అది పుస్తకంలో ఉంది. నేనే ఆ పేజీ మళ్ళీ తిప్పకుండా, బాగైందని అబద్ధం చెప్పాడని రాశాను. లెక్కలు సరిగ్గా రాస్తానని పేరున్న మనిషినై ఉండి, ఒక్క వాక్యం దగ్గర మోసం చేశాను. అందుకు, మీ అందరి ముందు, క్షమించమని అడుగుతున్నాను అన్నా.

ఆ దసరా నుంచి సంఘానికి మూడు ఉత్తరాలు రాశాను, నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి, "రాసిన పేజీ చింపేకి రూల్సు లేవు" అన్నారు. చింపమని నేను అడగలేదు, చింపితే నేనే ఒప్పుకోను, లెక్కల పుస్తకంలో పేజీ చింపడమంత పాపం నాకు ఇంకొకటి లేదు. కిందనే ఇంకొక వాక్యం రాయనివ్వమన్నాను. మూడోదానికి, "మీటింగులో చూద్దాం" అన్నారు. ఇది మీటింగే కదా. అధ్యక్షులున్నారు, కార్యదర్శి మహేష్ గారు మైకు పక్కనే ఉన్నారు, సభ్యులందరూ ఉన్నారు.

మహేష్ గారూ, బీరువా తాళాలు మీ దగ్గరే ఉన్నాయి. రిజిస్టరు తెస్తారా? అధ్యక్షుల వంక చూడకండి, నా వంక చూడండి.

రంగప్ప గారు ఏదో అంటున్నారు. "భోజనాలు చల్లారిపోతాయమ్మా, పొద్దుపోతాంది" అంటున్నారు. మొదట్లో నేను చెప్పిన పనుల పట్టిక గుర్తుందా? పాలు తోడు పెట్టాను. పిండి రుబ్బాను. చపాతీలు డబ్బాలో ఉన్నాయి. తాళంచెవి ఆయన దగ్గర కూడా ఉంది. ఇంట్లో నా కోసం ఆగి ఉన్న పని ఒక్కటి కూడా లేదు. ఈ మైకు ముందు రేపు పొద్దున దాకా నిలబడగలను. మీ సంగతే మీరు చూసుకోండి. (నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

వచ్చింది. ముప్పై ఒకటో పేజీ. ఇదిగో నా రాత. దీని కింద రాస్తూ చదువుతున్నాను.

"పై నాలుగు అంశాలూ తప్పు. కారు ఆగిపోవడానికి కారణం నేను సెన్సర్ వైరును వేడి పైపుకు కలిపి కట్టిన పట్టు దారం. లోపాన్ని కనిపెట్టింది కుళ్ళాయప్ప గారి కూతురు అమృత. షెడ్డు పనిలో మోసం లేదు. భాగ్యలక్ష్మి, హిందూపురం, 16-11-2025."

రంగప్ప గారూ, కింద మీ సంతకం. పక్కనే అమృత సభ్యత్వం దరఖాస్తు ఉంది, జూన్ నుంచి రిజిస్టరులోనే మడిచి ఉంది. దాని మీద కూడా. పెన్ను ఇవ్వనా? ఆ రోజు మీరు నాకిచ్చిన పెన్ను లాంటిదే ఇది.

(అధ్యక్షులు మొదటి సంతకం చేశారు. పెన్ను బల్ల మీద పెట్టేశారు. సభలోంచి "చెయ్యప్పా, చెయ్యి" అన్న కేకలు. రెండో సంతకం చేశారు. చప్పట్లు)

అమృతా, ఇలా రా. ఈ శాలువా మీ నాయనకు నువ్వు కప్పు. నా చేతిలో ఇంకొకటి ఉంది, ఈ సంవత్సరం పేనిన కంకణం. షెడ్డులో ఎక్కడ కట్టాలో నువ్వే చూపించు. నువ్వు చూపించిన చోటే కడతాను.

ఓపిగ్గా విన్న మీ అందరికీ, రెండుసార్లు సంతకం చేసిన అధ్యక్షులకు, తాళం తీసిన మహేష్ గారికి కృతజ్ఞతలు. ఇంటికి పోగానే కారు పుస్తకంలో ఒక వరుస రాసుకుంటాను. "కుళ్ళాయప్పన్నకు బాకీ ఉన్న మాట, పెనుకొండలో, పదిమంది ముందు చెల్లించడమైనది."

సెలవు.